ఉప్పు వేయకముందు

గిన్నెలో ఉప్పు పడకముందే మొద్దుగాడి వాటా తీసెయ్యాలి. పొద్దున్నే ఆ ఇంట్లో జరిగే పనులన్నింట్లోకీ గుట్టుగా జరిగే పని అదే.

ఆమె గరిటెతో అడుగంటా కలిపింది. బియ్యం, గుమ్మడి ముక్కలు, క్యారెట్టు, ఎముకలు తీసేసిన కోడిమాంసం అన్నీ మెత్తగా ఉడికి కలిసిపోయాయి. స్నానాలగదిలో కుళాయి చప్పుడు వింటూనే రెండు గరిటెలు స్టీలు డబ్బాలోకి తీసింది. కుళాయి పారుతున్నంతసేపూ భయం లేదు, అది ఆగితేనే గుండె ఆగినంత పని. డబ్బాని పిండిడబ్బా వెనక్కి నెట్టి, పక్క పొయ్యి మీద ఉల్లిపాయలు వేయించి, మిగిలినదాంట్లో కలిపి, అప్పుడు ఉప్పూ మిరియాలపొడీ వేసింది. అది మనుషులకి.

మొద్దుగాడు గడప అవతల కూర్చుని ఎడమకాలు కాస్త ఎత్తి పట్టుకున్నాడు. బంతి అడిగినా, బయటికి తీసుకెళ్లమన్నా తోకతో అడుగుతాడు. ఆ కాలెత్తడం మాత్రం ఈ డబ్బా కోసమే. కుక్కపిల్లగా ఉన్నప్పుడు పొద్దెక్కినా లేచేవాడు కాదని ఆ పేరొచ్చింది గానీ, తిండి దగ్గర వాడంత చురుకైనవాడు లేడు. ఇప్పుడు వీపు నిగనిగలాడుతోంది. చలికాలంలో అదే వీపు బొచ్చంతా ఊడి, గోకి గోకి పుళ్లు పడి, చూడ్డానికే జాలేసేది. పశువుల డాక్టరు తిరగేసి మరగేసి చూసి ఒక్కటే చెప్పాడు. "ప్యాకెట్ తిండి అన్ని కుక్కలకీ చెడ్డదని కాదమ్మా, వీడికి మాత్రం పడట్లేదు. ఆపేసి ఇంట్లో వండి పెట్టండి. ఉప్పూ ఉల్లీ తగలనివ్వకండి."

ఇంకెవరింట్లోనైనా అది మంచి కబురే. ఈ ఇంట్లో కాదు. ఆమె భర్త ఊరూరా తిరిగి అమ్మేది ఆ ప్యాకెట్ తిండే.

డాక్టరు మాట అతనికి చెప్పకపోలేదు. "సొంత పెళ్లామే నా సరుకుని తప్పుపడితే ఊళ్లోవాళ్లెందుకు కొంటారే?" అన్నాడు. కోపంగా కూడా కాదు, నొచ్చుకున్నట్టు. అదే ఆమె నోరు కట్టేసింది. అబద్ధాలకోరైతే ఎదిరించి ఉండేది. మనసారా నమ్మి చెప్పేవాడితో ఏమని దెబ్బలాడుతుంది? అందుకని రోజూ సంచిలోంచి కప్పు నిండా గోలీల్లాంటి ఆ తిండి తీసి, డాబా మీద ఎండుటాకుల బకెట్లో పోసి, ఎరువైపోయేలా నీళ్లు చల్లి దిగొస్తోంది. సంచి తగ్గకపోతే పట్టుబడిపోతుంది కదా మరి!

కుళాయి ఆగింది.

అతను తల తుడుచుకుంటూ వచ్చి మొద్దుగాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. "చూశావటే వీడి మెరుపు! మేనేజరుగారు ఫోటోలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు తెలుసా? అప్పటిదొకటి, ఇప్పటిదొకటి పక్కపక్కన పెట్టి తలుపంత బోర్డు కొట్టిస్తున్నారు. ఆదివారం మైదానంలో పెంపుడు జంతువుల మేళా. మన స్టాల్లో వీడే పెళ్లికొడుకు."

"ఏం చెయ్యాలిటండీ వీడు?"

"ఏముంది, అందరిముందూ మన గిన్నెలో మన తిండి తినాలి. అంతే. మైకు పట్టుకుని నేను గొంతు చించుకోనక్కర్లేదు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. మొద్దుగాడు ఆ తిండి మొహం చూసి నెలలు గడిచిపోయాయి.

"వాడికి జనమంటే బెదురు కదండీ. వేరే కుక్కని చూసుకోమనకూడదూ?"

"వేరే కుక్కకి బొచ్చు మొలిపించమంటావా ఆదివారంలోగా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "సూపర్‌వైజర్ పోస్టు నాకే అన్నారే. ఇక లాడ్జిల్లో పొడి కలిపిన సూపులూ ప్యాకెట్ నూడుల్సూ ఉండవు. రోజూ ఇంటి తిండి" అన్నాడు. పొట్ట తట్టుకుని, "అన్నట్టు ఆ కొత్త మాత్రలు భలే పనిచేస్తున్నాయి. కడుపులో మంటే లేదు" అని కూడా అన్నాడు.

మాత్రలట! కుక్క పుణ్యమా అని అతను ఇంట్లో ఉన్న పూటల్లా గుమ్మడీ క్యారెట్టూ కడుపులోకి వెళుతుంటే, పేరు మాత్రలకొచ్చింది. ఆమె నవ్వలేదు. కంచం అతని ముందు పెట్టింది. అతను కడుపారా తిని, గిన్నె గీకి మరీ తిని లేచాడు.

సాయంత్రం ఆమె మెట్లు దిగుతుంటే కింది వాటాలో మిషను చప్పుడు ఆగింది. "అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చిపో."

కింద ఉండేది టైలరమ్మ. పెద్దావిడ. ఒంటరి మనిషి. చిట్టి అనే తెల్ల కుక్కపిల్ల తప్ప వేరే దిక్కులేదు. మిషను కింద ముక్కగుడ్డల బుట్టే దాని పడక. టైలరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దాన్ని ఒళ్లోకి తీసుకుని చెవి తిప్పి చూపించింది. లోపలంతా ఎర్రగా కందిపోయి ఉంది. పొట్ట మీద గోళ్ల గీతలు.

"రాత్రల్లా గోకుడే. మిషను ఆపితే దీని గోళ్ల చప్పుడే వినపడుతోంది. ఇదివరకు నేను తినే అన్నంలో ఓ ముద్ద, ఓ ఉడికించిన గుడ్డు. అంతే పెట్టేదాన్ని. మీ మొద్దుగాడు రాజాలా మెరిసిపోతుంటే చూసి, నా పిల్లకి మాత్రం ఏం తక్కువని ఆ సంచి కొన్నాను. ఏం లోటు చేశానో ఏమో."

ఆమె చిట్టి చెవి మీద వేలు పెట్టింది. కాలుతోంది. ఈ వేడి ఆమెకి తెలుసు, చలికాలమంతా ఆమె చేతులకి తెలిసిన వేడే. చెప్పెయ్యాలనుకుంది. "పెద్దమ్మా..." అని నోరు తెరిచింది కూడా.

వీధి తలుపు దగ్గర అతను బండి ఆపాడు. బ్యాగు భుజాన వేసుకుని నేరుగా లోపలికొచ్చి, చిట్టిని చూసి, మోకాళ్ల మీద వంగాడు. "మొదట్లో అలాగే ఉంటుంది పెద్దమ్మా. ఒంట్లో ఉన్న చెడంతా బయటికి రావాలిగా. ఓపిక పట్టు. మానొద్దు."

"నువ్వు చెబితే సరే నాయనా." టైలరమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆమె వైపు తిరిగింది. "మీవాడికీ మొదట్లో ఇలాగే అయిందటే?"

అతను కూడా తలెత్తి ఆమె వైపే చూశాడు. ధీమాగా చూశాడు.

"ఆ... కొంచెం" అంది ఆమె.

"అమ్మయ్య!" అని టైలరమ్మ చిట్టిని బుట్టలో పడుకోబెట్టి మళ్లీ మిషను తొక్కింది.

ఆ "కొంచెం" ఆమెని రాత్రి పడుకోనివ్వలేదు, పొద్దున్న తిననివ్వలేదు. మర్నాడు అతను బయటికి వెళ్లగానే కిందికి దిగింది. టైలరమ్మ మెడలో టేపు వేసుకుని ఎవరికో గౌను కొలతలు తీస్తోంది, పెదాల మధ్య గుండుసూదులు. ఏంటన్నట్టు కళ్లెగరేసింది. ఇంకో ఇద్దరు గుడ్డలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లముందు భర్త పరువు ఎలా తీస్తుంది? "ఆ తిండి... కొంచెం తగ్గించి పెట్టు పెద్దమ్మా" అని మాత్రం అనగలిగింది. టైలరమ్మ తలూపింది. మళ్లీ ఆ "కొంచెం"! తన నోటిని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది ఆమెకి.

మేళా దగ్గరపడేకొద్దీ అతనికి కాలు నిలవలేదు. అద్దం ముందు నిలబడి మాటలు వల్లె వేసుకున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేశాడు. తలంటి పోస్తుంటే మొద్దుగాడు ఒళ్లు విదిలించి అతన్ని తడిపేస్తే, తిట్టకుండా ముద్దుపెట్టుకున్నాడు. అది చూస్తే ఆమెకి ఇంకా భయమేసింది. ఈ మనిషి సంతోషాన్ని ఎలా పగలగొట్టడం? ఇవాళ చెబుదాం, పడుకునేముందు చెబుదాం, పొద్దున్నే చెబుదాం అనుకుంటూనే ఆదివారం వచ్చి పడింది.

"పొద్దున్న వాడికేం పెట్టకు" అన్నాడు అతను కాలర్ సర్దుకుంటూ. "ఆకలి మీదుంటే గిన్నె పెట్టగానే ఎగబడతాడు."

మొద్దుగాడు గడప దగ్గర కూర్చుని ఎడమకాలు ఎత్తాడు. ఆమె అటు చూడకుండా గరిటె తిప్పింది. ఎప్పట్లాగే ఉప్పు వేయకముందు వాడి వాటా తీసింది. మేళా అయ్యాక ఏ గోడ చాటునో పెట్టొచ్చని. మిగిలినదాంట్లో ఉల్లీ ఉప్పూ మిరియాలూ వేసి అతనికి సర్దింది. ఒకే జతలోవి రెండు డబ్బాలు, ఒకే మూతలు. ఇన్నాళ్లూ ఒకటి పిండిడబ్బా వెనక, ఒకటి గట్టు మీద ఉండేవి కనక ఏ గొడవా లేదు.

"ఏమే, ఆటో వచ్చింది! పెద్దమ్మ కూడా వస్తానంటోంది, చిట్టిని ఎత్తుకుని కూర్చుంది. రా రా!"

ఆమె రెండు డబ్బాలూ మూతలు బిగించి, ఒకటి అతని బ్యాగులో, ఒకటి తన సంచిలో అడుగున పెట్టి, మొద్దుగాడి మెడపట్టా అందుకుంది.

మైదానం నిండా గుడారాలు. పంజరాల్లో చిలకలు, జల్లిబుట్టల్లో పిల్లులు, ఎక్కడ చూసినా మొరుగుళ్లు. వాళ్ల స్టాలు ముందు తలుపంత బోర్డు. ఒక పక్క పుళ్లతో ఉన్న మొద్దుగాడు, ఇంకో పక్క మెరిసే మొద్దుగాడు. బోర్డు కిందే అసలువాడు నాలుక వేలాడేసుకుని కూర్చుంటే జనం దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. "ఒకటే కుక్కా? నిజంగా?" "అదిగో చెవి మీద మచ్చ చూడండి, అదే."

మేనేజరు కోటు వేసుకుని వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. ఆమెకి నమస్కారం పెట్టి, "మీ చేతి చలవ కూడా ఉందమ్మా ఇందులో" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆయనకేం తెలుసు!

ఎర్ర గిన్నెలో గోలీలు గలగలా పడ్డాయి. జనం దగ్గరికి జరిగారు. ముందు వరసలో టైలరమ్మ, చంకలో చిట్టి. అతను గిన్నెని మొద్దుగాడి ముందు పెట్టి, పెళ్లికొడుకు తండ్రిలా వెనక్కి తగ్గాడు.

మొద్దుగాడు వంగి వాసన చూశాడు. ముక్కుతో ఒక గోలీని పక్కకి నెట్టాడు. మొహం తిప్పుకున్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. "కొత్త చోటు కదండీ" అన్నాడు అతను నవ్వుతూ. గిన్నె ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. కాసిని గోలీలు అరచేతిలో వేసుకుని నోటి దగ్గర పెట్టాడు. "తినరా మొద్దూ. తినరా నాన్నా. అలవాటైనదేగా!" మొద్దుగాడు అతని చెయ్యి నాకాడు. గోలీలు మాత్రం నాలుక పక్కనుంచి జారి నేల మీద పడ్డాయి. కుక్క పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉంది, అయినా ముట్టదు. అతని చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. ఆమెకి చూడబుద్ధి కాలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"మీ కుక్కే తినకపోతే ఎలాగండీ?" ఎవరో వెనకనుంచి అన్నారు. జనం నవ్వారు.

మేనేజరు అతని చెవి దగ్గరకొచ్చి, "భోజనాలయ్యాక ఇంకోసారి చూద్దాం. ముందు మీరు స్థిమితపడండి" అని గుడారం వెనక్కి పంపాడు.

అక్కడ ఖాళీ అట్టపెట్టెల మధ్య అతను కూలబడ్డాడు. "ఏమైందే వీడికి? ఇంట్లో శుభ్రంగా తింటున్నాడు కదా?" అన్నాడు. అతను ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు బ్యాగులోంచి డబ్బా తీసి, మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ ఆగాడు. "ఉప్పు మర్చిపోయావే..." అన్నాడు.

అప్పుడు చూసింది ఆమె. డబ్బాలో ఉల్లిపాయ లేదు. మిరియాల మచ్చ లేదు.

మొద్దుగాడు ఒక్క ఉదుటున అతని ముందుకొచ్చి కూర్చున్నాడు. నిటారుగా, కదలకుండా. ఎడమకాలు ఎత్తి పట్టుకున్నాడు.

అతను ఆ కాలు చూశాడు. డబ్బా చూశాడు. వేళ్లతో గుమ్మడిముక్క ఒకటి తీసి వాడి ముందు పెడితే, నేలకి తగలకముందే మాయమైంది. ఆ తర్వాత భార్యని చూశాడు.

"ఇది ఎవరిది?"

"వాడిదే. డబ్బాలు మారిపోయాయి."

"ఎప్పట్నించి?"

"బొచ్చు మొలవడం మొదలైనప్పట్నించి" అంది.

"మరి సంచిలోది?"

"డాబా మీద బకెట్లో పోస్తున్నా."

అతను అరవలేదు. అరిస్తే బాగుండుననుకుంది ఆమె. గుడారం గుడ్డ సందులోంచి బోర్డు వెనకవైపు కనిపిస్తోంది. దాని వంక అలా చూస్తూ ఉండిపోయాడు. "అయితే నేనింతకాలం..." అని, మాట పూర్తి చెయ్యకుండా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

గుడ్డ పక్కకి జరిగింది. మేనేజరు, వెనకే టైలరమ్మ. పెద్దావిడ చంకలో చిట్టి, రెండో చేతిలో కొత్త సంచి. "ఈవిడ మీ కింది వాటా ఆవిడటగా!" మేనేజరు మొహం వికసించింది. "కుక్క తినకపోతే పోనివ్వండి. పక్కింటివాళ్ల మాటకి విలువ ఎక్కువ. మైకులో రెండు ముక్కలు చెప్పిస్తే చాలు. రండి."

"ఏం చెప్పాలో నాకేం తెలుసయ్యా? వీళ్ల మొద్దుగాడిని చూసి కొన్నానని చెబుతాను" అంది టైలరమ్మ. చిట్టి చెవి గోక్కోబోయి ఆవిడ చేతికి గీరింది.

"పెద్దమ్మా" అంది ఆమె. "ఆ సంచి కింద పెట్టెయ్."

"ఎందుకే?"

"మావాడు అది తినట్లేదు. చాలా రోజులైంది. నేనే వండిపెడుతున్నా. వాడి బొచ్చు ఇంటి తిండితో వచ్చింది. ఆ సంచిది పడకే మొదట ఊడిపోయింది. డాక్టరే చెప్పాడు."

మేనేజరు ఆమెని చూడలేదు, అతన్ని చూశాడు. "ఏమిటండీ ఇది? ఆవిడకి ఒంట్లో బాగాలేదా?"

అతను ఆ దారి పట్టుకోవచ్చు. ఆవిడకి తెలియదండీ అంటే సరిపోయేది. మేనేజరు మొహంలో ఆ మాట కోసమే ఎదురుచూపు.

అతను ఒళ్లోని డబ్బా తీసి మొద్దుగాడి ముందు నేల మీద పెట్టాడు. వాడు తల దూర్చి చప్పుడయ్యేలా తినసాగాడు. "నాకూ ఇప్పుడే తెలిసిందండీ" అన్నాడు అతను. "కానీ చూస్తున్నారుగా." లేచి బయటికెళ్లి బోర్డుని తిప్పి ఫోటోలు గుడారంవైపు పెట్టాడు. మెళ్లో వేలాడుతున్న కార్డు తీసి బల్ల మీద ఉంచాడు.

మేనేజరు "రేపు ఆఫీసుకి రండి" అన్నాడు. అది రమ్మన్నట్టు లేదు.

ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది, నిజం చెప్పాను, ఆయన నా పక్షాన నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టైలరమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ ఆయనకి తెలీదు. సరే. తెలియక చెప్పాడు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "నీకు తెలుసు. దీని చెవి నీ చేత్తో ముట్టుకుని చూశావు. మీవాడికీ ఇలాగే అయిందా అని నీ మొహాన అడిగితే, కొంచెం అన్నావు."

సంచి నేల మీద పెట్టి, చిట్టిని కొంగులో చుట్టుకుని, జనంలోంచి ఒక్కతే నడిచి వెళ్లిపోయింది. ఆటోలో కూడా వాళ్లతో ఎక్కలేదు.

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. అతన్ని గోడౌన్లో మూటలు లెక్క చూసే పనికి మార్చారు. పోస్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమెతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. మూడోనాడు వంటింటి గడప దగ్గర మొద్దుగాడి పక్కనే నిలబడి, ఆమె గరిటెతో వాటా తియ్యడం చూశాడు. "నాకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "చెప్పాను. మీరు నొచ్చుకున్నారు" అంది. "నొచ్చుకుంటే? పోతానా?" అన్నాడు. ఆమె పిండిడబ్బా పక్కకి జరిపి, డబ్బాని అందరికీ కనపడేలా గట్టు మీదే పెట్టింది.

ఆ రోజు ఉప్పు వేయకముందు ఆమె ఇంకో గిన్నెలోకి కూడా కాస్త తీసింది. చల్లారబెట్టి, మూతపెట్టి, మెట్లు దిగింది.

టైలరమ్మ మిషను మీద వంగి ఉంది. తలెత్తలేదు. చిట్టి బుట్టలోంచి లేచి గాలి పీల్చింది. చెవుల ఎరుపు ఇంకా అలాగే ఉంది. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి నిలబడింది. మిషను కుట్టు చివరిదాకా వెళ్లి ఆగింది. టైలరమ్మ దారం పళ్లతో కొరికింది.

"ఏం వేశావు?"

"అన్నం, గుమ్మడి, క్యారెట్టు, కోడిమాంసం. అంతే పెద్దమ్మా. ఇంకేం లేదు."

టైలరమ్మ కళ్లజోడు సర్దుకుని మూత తీసి చూసింది. చిట్టి బల్ల కాలు మీద కాళ్లు పెట్టి పైకి ఎగబాకుతోంది. పెద్దావిడ దాన్ని మోకాలితో ఆపి, గిన్నెని ఆమె వైపు తోసింది.

"ముందు నువ్వు తిను."

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, కారం లేదు. గుమ్మడి తీపి నాలుకకి తగిలింది. కళ్లలోంచి నీళ్లు జారుతుంటే తుడుచుకోకుండా నమిలి మింగింది. టైలరమ్మ ఆమె గొంతు కదలడం చూస్తూ కూర్చుంది.

"ఇంకో ముద్ద" అంది టైలరమ్మ.

ఆమె ఇంకో ముద్ద తింది.

అప్పుడు పెద్దావిడ గిన్నె తీసుకుని, కిందకి వంగి, చిట్టి ముందు పెట్టింది. "రేపు కూడా తెస్తే, రేపు కూడా తినాలి నువ్వు" అని, మిషను చక్రం మీద చెయ్యి వేసింది.